కోడ్ ఎవరు రాసినా చదవాల్సింది మనమే

2025లో అమెరికాలోని మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయోగం చేసింది. చేయి తిరిగిన 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లను పిలిచింది. ఏళ్ల తరబడి పనిచేస్తున్న తమ సొంత ప్రాజెక్టుల్లోంచే వాళ్లు 246 పనులు తెచ్చారు. బగ్గులు సరిచేయడం, కొత్త సౌకర్యాలు చేర్చడం లాంటివి. ఏ పనికి ఏఐ వాడొచ్చో, ఏ పనికి వాడకూడదో చీటీలు తీసినట్టు నిర్ణయించారు. ఏఐ ఉంటే 24 శాతం సమయం కలిసొస్తుందని డెవలపర్లు ముందుగా అంచనా వేశారు. పనులన్నీ అయ్యాక అడిగితే, 20 శాతం కలిసొచ్చిందన్నారు. తీరా కొలిచి చూస్తే, ఏఐ వాడిన పనులకే 19 శాతం ఎక్కువ సమయం పట్టింది.

అలాగని ఏఐ దండగ అనుకోవడానికి లేదు. అంతకు రెండేళ్ల ముందు వెలువడిన మరో ప్రయోగంలో 95 మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో చిన్న వెబ్ సర్వర్ రాయమని చెప్పారు. గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ పరికరం ఉన్నవాళ్లు సగటున 71 నిమిషాల్లో ముగించారు. లేనివాళ్లకు 161 నిమిషాలు పట్టింది. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. వెబ్ సర్వర్ రాయడమంటే ఖాళీ కాగితం మీద, ఇప్పటికే వేలమంది రాసేసిన జవాబు రాయడం. మెటర్ ప్రయోగంలోనివి లక్షల లైన్లున్న పాత ప్రాజెక్టులు. ప్రతి మూలకీ ఒక చరిత్ర ఉంటుంది, అందులో చాలా భాగం ఎక్కడా రాసిపెట్టి ఉండదు.

నా దృష్టిలో ఆ 19 శాతం కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఏఐ పరికరాలు నెలనెలా మారుతున్నాయి, ఆ అంకె కూడా మారుతుంది. కానీ అంతటి అనుభవజ్ఞులు కూడా తమ వేగాన్ని తామే తప్పుగా అంచనా వేసుకున్నారే, అది ఆలోచించాల్సిన సంగతి. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఈ యంత్రం కోడ్ ఎలా రాస్తుందో కొంచెం చూడాలి.

2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు ఒక విషయం లెక్కలతో చూపించారు. ప్రోగ్రామర్లు రాసే కోడ్ ఇంగ్లిషు వచనం కంటే ఎక్కువగా రాసిందే రాసినట్టు ఉంటుంది. కొన్ని ముక్కలు చూస్తే తర్వాతి ముక్క ఏమిటో ఊహించడం తేలిక. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణాన్ని ప్రకటించాక ఈ ఊహ మహా పదునెక్కింది. ప్రపంచంలో బహిరంగంగా దొరికే కోడ్‌ను అపారంగా చదివిన మోడల్, ఇంతవరకూ ఉన్నదాన్ని బట్టి తర్వాత రాగల ముక్కల్లో ఏది ఎంత సంభవమో లెక్కగట్టి ఒకటి ఎంచుకుంటుంది. మళ్లీ దాని తర్వాతది. 2021 జూన్‌లో పరీక్షార్థం విడుదలైన కోపైలట్ దగ్గర్నుంచి, నేడు తామే ఫైళ్లు తెరిచి, ప్రోగ్రాం నడిపి, తప్పులు దిద్దుకునే ఏజెంట్ల దాకా అన్నింటి గర్భంలోనూ ఉన్నది ఇదే.

ఇలా పుట్టిన కోడ్‌లో తప్పులు కూడా నమ్మదగ్గట్టే ఉంటాయి. కొత్తగా చేరిన కుర్రాడు తప్పు రాస్తే వాలకంలోనే తెలిసిపోతుంది: పేర్లు వంకరగా ఉంటాయి, వరసలు కుదరవు, రివ్యూ చేసేవాడికి అనుమానం వస్తుంది. యంత్రం రాసిన తప్పు చక్కటి పేర్లతో, పక్కన వివరణతో సహా వస్తుంది. చదివేవాడి అనుమానం నిద్రపోతుంది.

మన భాషలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. దరఖాస్తు ఫారంలో పేరు ఇరవై అక్షరాలు దాటకూడదు, దాటితే కత్తిరించాలి. ఏఐని అడిగితే క్షణంలో రెండు లైన్లు రాసిస్తుంది. టెస్టులు కూడా నువ్వే రాయమంటే ఇంగ్లిషు పేర్లతో నాలుగు రాసి, నాలుగూ పాసయ్యాయని చూపించే అవకాశమే ఎక్కువ. ఇప్పుడు తెలుగు పేరు ఇవ్వండి. 'తెలుగు' అన్నది మనకు మూడక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, వెరసి ఆరు సంకేతాలు. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం. లోపల అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇదీ ఆరే. పైథాన్‌లో పొడవు అడిగితే రెండింటికీ 6 అనే జవాబొస్తుంది. ఆ లెక్కతో ఇరవై దగ్గర కోస్తే ఒకరి పేరులో గుణింతం ఊడుతుంది, మరొకరి పేరులో ఒత్తు ఊడి పొల్లు మిగులుతుంది. పోనీ అక్షరాలను సరిగ్గా విడదీసే లైబ్రరీ వాడదామంటే అక్కడా ఒక మెలిక ఉంది. యూనికోడ్ పాత నియమాల ప్రకారం 'స్త్రీ' మూడు ముక్కలు. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే నియమం 2023లో వచ్చిన 15.1 కూర్పులో గానీ చేరలేదు. కాబట్టి మీ లైబ్రరీ ఎప్పటిదన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

విచిత్రమేమిటంటే ఇవన్నీ ఏఐకి తెలియనివి కావు. అడిగితే చక్కగా వివరిస్తుంది. కానీ అడగాలని తోచాలిగా! ఆ ఫారం నింపేవాళ్లలో తెలుగు లిపిలో పేరు రాసేవాళ్లున్నారన్న సంగతి కోడ్‌లో లేదు, డెవలపర్ బుర్రలో ఉంది.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లోనే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాడు. ప్రోగ్రాం అంటే కాగితం మీది లైన్లు కావు, దాన్ని కట్టినవాళ్ల తలలో ఉండే అవగాహన. వాళ్లు వెళ్లిపోతే కోడ్ ఉన్నా ప్రోగ్రాం చచ్చిపోయినట్టే అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ కూడా దీని దగ్గరికే వచ్చి ఆగాడు. ఏం కట్టాలో తేల్చుకోవడమే అసలు కష్టం, దాన్ని యంత్ర భాషలోకి దించడం కొసరు కష్టమన్నాడు. మెటర్ ప్రయోగంలో ఆ 16 మందికీ తమ ప్రాజెక్టుల మీద నౌర్ చెప్పిన అవగాహన పుష్కలంగా ఉంది, ఏఐకి లేదు. అందుకే అది ఇచ్చినవాటిలో 44 శాతం కంటే తక్కువే వాళ్లు తీసుకున్నారు. మిగతాది చదివి, తూచి, పారేశారు. ఆ చదవడానికీ తూచడానికీ పట్టిన సమయం వాళ్ల అంచనాలోకి వచ్చినట్టు లేదు. వేళ్లకు పని తగ్గింది కాబట్టి పనే తగ్గిందనిపించి ఉంటుంది.

ఇక్కడ కొందరు కంపైలర్ చరిత్ర గుర్తుచేస్తారు. 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ తెచ్చినప్పుడు, చేత్తో రాసిన యంత్ర ఆదేశాలంత వేగంగా కంపైలర్ రాసినవి నడుస్తాయా అని అనుభవజ్ఞులు పెదవి విరిచారు. నడిచాయి. ఆ తర్వాత యంత్ర ఆదేశాలను తెరిచి చూసే అలవాటే దాదాపు పోయింది. రేపు కోడ్‌ను కూడా అలాగే చూడక్కర్లేదన్నది వీరి వాదన. వినడానికి బాగుంది గానీ నిలవదు. ఫోర్ట్రాన్ వాక్యానికి అర్థం ఒక్కటే, దాన్ని భాషా నియమాలు కట్టడి చేస్తాయి. మనం ఏఐకి చెప్పే మాటకు అలాంటి కట్టడి లేదు. 'పేరు కత్తిరించు' అంటే ఎక్కడ, ఏ లెక్కన? అదే ప్రశ్న రెండోసారి అడిగితే రెండో జవాబు రావచ్చు. కోడ్ చదవకుండా ఏఐ ఇచ్చింది ఇచ్చినట్టు నడిపేయడానికి 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆంద్రే కర్పతీ 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టాడు. శనాదివారాల్లో సరదాగా చేసి పారేసే పనులకు అది ఫరవాలేదన్నది ఆయన మాటే. జీతాల లెక్కలకూ ఆసుపత్రి రికార్డులకూ పనికొస్తుందని ఆయన అనలేదు.

చదవకుండా నడిపితే ఏమవుతుందో చూడండి. ఒక అధ్యయనంలో 16 మోడళ్ల చేత 5 లక్షల 76 వేల కోడ్ నమూనాలు రాయించి పరిశీలిస్తే, అవి వాడమన్న ప్యాకేజీల్లో దాదాపు ఐదో వంతు అసలు లోకంలోనే లేవు. పేర్లు మాత్రం ఉన్నట్టే ఉన్నాయి. పైగా అదే దొంగ పేరు మళ్లీ మళ్లీ వస్తోంది. ఇది చాలు మోసగాడికి. ఆ పేరుతో తనే ఒక ప్యాకేజీ పెట్టి, లోపల తన సరుకు దాచి కూర్చుంటాడు. ఏఐ చెప్పింది కదా అని ఇన్‌స్టాల్ చేసినవాళ్లు వలలో పడతారు. కాబట్టి కొత్త ప్యాకేజీ పేరు కనిపిస్తే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చూడటం తప్పనిసరి.

మిగతా జాగ్రత్తలన్నీ పాత మంచి అలవాట్లే, కాకపోతే ఇప్పుడు వాటి ధర పెరిగింది. టెస్టులు ముందు మీరు ఆలోచించండి, కనీసం ఏమేం పరీక్షించాలో జాబితా మీది కావాలి. కోడ్, టెస్టు రెండూ యంత్రానికే వదిలితే ఒకే అపార్థం రెండింటిలోనూ దూరుతుంది. ఫెయిలవుతున్న టెస్టును పాస్ చేయించమంటే, కోడ్ వదిలేసి టెస్టునే మార్చేసే ఏజెంట్లూ ఉన్నాయి. ఒకేసారి రెండు వేల లైన్ల మార్పు అడగకండి. అంత మార్పును శ్రద్ధగా చదివే మనిషి లేడు, చదివానన్నా నమ్మకండి. చిన్న ముక్క అడిగి, చదివి, గిట్‌లో కమిట్ చేసి, తర్వాతి ముక్కకు వెళ్లడమే దారి. అసలు డేటాబేస్ తాళాలు ఏజెంట్ చేతికివ్వడం గురించి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఇక ఏఐ నిస్సందేహంగా గెలిచే చోట్లు కొన్ని ఉన్నాయి. తెలియని భాషలో మొదటి అడుగు, ఎవరో రాసి వదిలేసిన ఫైలుకు వివరణ, ఒక్కసారి వాడి పారేసే స్క్రిప్టు, విసుగు పుట్టించే ఫార్మాట్ మార్పిడి. వీటికి వాడకపోవడం మొండితనమే.

నాకు గుబులుగా ఉన్నది కొత్తవాళ్ల సంగతి. 1983లోనే లిసాన్ బైన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్యాక్టరీల ఆటోమేషన్ గురించి ఒక చిక్కు ఎత్తిచూపింది. మామూలు పని యంత్రానికి అప్పగించి, యంత్రం తడబడినప్పుడు ఆదుకోవడానికి మనిషిని ఉంచుతాం. రోజూ చేయని పనిలో ఆ మనిషికి నైపుణ్యం ఎక్కడిది? బీటెక్ నుంచి నేరుగా ఏఐ పక్కన కూర్చున్న కుర్రాళ్లకు ఈ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. వాళ్లకు పోగొట్టుకోవడానికి నైపుణ్యం ఇంకా ఏర్పడనే లేదు. అందుకని నేర్చుకునే రోజుల్లో వారానికి కొన్ని పనులైనా ఏఐ లేకుండా చేయాలి. జవాబు కాక 'ఇది ఎందుకిలా' అని అడగడం అలవాటవ్వాలి.

ఇందులో మనకు మరీ కొత్తేమీ లేదు కూడా. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానమెక్కిన తెలుగు యువతరం అక్కడ చేసిందేమిటి? సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన, ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌ను లైను లైనూ చదివి, 2000 సంవత్సరం వచ్చేలోగా సరిచేయడం. మన సాఫ్ట్‌వేర్ ప్రస్థానంలో తొలి పెద్ద పని, రాయడం కంటే ఎక్కువగా చదవడమే. ఆ తర్వాత శిక్షణ సంస్థలు సింటాక్స్ బట్టీకి, ఇంటర్వ్యూ ప్రశ్నలకి మళ్లాయి. ఇప్పుడు సింటాక్స్‌కు విలువ పడిపోయింది. ఇంటర్వ్యూలో కోడ్ రాయించే బదులు, తప్పున్న వంద లైన్లు చేతికిచ్చి తప్పెక్కడుందో పట్టుకోమనడం మేలు.

మీరు డెవలపరైతే ఒక చిన్న పని చేయండి. వచ్చే నెల రోజులు, ప్రతి పనికీ ముందు ఎంతసేపు పడుతుందనుకుంటున్నారో, తర్వాత ఎంతసేపు పట్టిందో, ఏఐ వాడారో లేదో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. రివ్యూ సమయం, తర్వాత బయటపడిన బగ్గుల సమయం కూడా అందులో కలపండి. ఏ పనికి ఏఐని పిలవాలో, ఏ పనికి దూరంగా ఉంచాలో ఆ పుస్తకం చూసి నిర్ణయించుకోండి.