చించి పారవేయని ఉత్తరాలు

చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని ఇంట్లో ఉంచరాదని మన పెద్దల ఆచారం. వీధి అరుగు మీదనే నిలబడి చదివి, అక్కడికక్కడే చించి పారవేసి, స్నానం చేసి గాని లోపలికి వచ్చేవారు కారు. నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖలు మాత్రం ఇనుప తీగకు గుచ్చుకుని ఏళ్ళ తరబడి గోడకు వేలాడుతూ ఉండేవి. అందుచేత మన ఇళ్ళలో ఆ పాత తీగను దింపి చూస్తే పెళ్ళిళ్ళూ, పురుళ్ళూ, గృహప్రవేశాలూ కనబడతాయి. కరువు, అప్పు, తగాదా, చావు కనబడవు. మన తాతముత్తాతలు ఎప్పుడూ సుఖంగానే బ్రతికారు కాబోలు అనుకోవలసి వస్తుంది!

ఇందుకు పూర్తిగా భిన్నమైన ఇల్లు ఒకటి ఐర్లండు దేశంలో ఉన్నది. ఆ ఇంటివారు తమకు వచ్చిన చెడ్డ ఉత్తరాలను కూడా దాచారు. తమను ప్రాధేయపడిన ఉత్తరాలు, తమను దుమ్మెత్తిపోసిన ఉత్తరాలు, చివరకు తమ ఇంటి అపకీర్తికి సాక్ష్యం చెప్పే ఉత్తరాలు కూడా. ఆ కథను ఈ నెల పాఠకులకు చెప్పదలచాము.

ఐర్లండు నడిబొడ్డున రాస్‌కామన్ అనే జిల్లా ఉన్నది. అందులో స్ట్రోక్స్‌టౌన్ అనే చిన్న పట్టణం. ఆ పట్టణానికీ చుట్టుపక్కల పల్లెలకూ 17వ శతాబ్దం నుండి మాహన్ వంశం వారు భూస్వాములు. మన జమీందారుల వంటి వారే అనుకోండి. 18వ శతాబ్దంలో వారు కట్టించిన పెద్ద మేడ ఈనాటికీ నిలిచి ఉన్నది. ఆ మేడలో వంటశాలకు పైన ఒక వసారా ఉన్నది. ఇంటి యజమానురాలు వంటశాలలో అడుగు పెట్టకుండా, ఆ వసారా మీదినుండి వారానికి సరిపడా వంటల పట్టీని కింద ఉన్న వంటవారికి జారవిడిచేదట! నౌకర్లు వచ్చే పోయే త్రోవ దొరల కంట పడకుండా భూమిలో సొరంగం కూడా త్రవ్వించారు. చాకిరీ కావాలి గాని, చేసే మనిషి కనబడరాదు. ఆనాటి పద్ధతి అటువంటిది.

1845లో ఆ ఎస్టేటు మేజర్ డెనిస్ మాహన్ అనే ఆయనకు వారసత్వంగా వచ్చింది. ఆస్తితో పాటు అప్పులూ వచ్చినవి. రైతుల శిస్తు బకాయిలూ కొండలా పేరుకుని ఉన్నవి. సరిగా ఆ సంవత్సరమే ఐర్లండులో ఆలుగడ్డ పంటకు తెగులు సోకింది. మనకు వరి అన్నం, జొన్న సంకటి ఎటువంటివో అక్కడి బీదవానికి ఆలుగడ్డ అటువంటిది. వాడు పండించే ధాన్యం శిస్తుకు పోగా, వాడి పొట్టకు మిగిలేది అదొక్కటే. ఆ గడ్డ భూమిలోనే కుళ్ళిపోయింది. ఆ తెగులు ఏటేటా మళ్ళీ వచ్చింది. 1845 మొదలు 1852 వరకు సాగిన ఆ మహా క్షామంలో సుమారు పదిలక్షల మంది మరణించారు. మరి పదిలక్షలకు పైగా దేశం విడిచిపోయారు.

1846 ఆగస్టు నెలలో క్లోనహీ అనే పల్లె రైతులు మాహన్ దొరకు ఒక అర్జీ పెట్టుకున్నారు. తమ పిల్లలు కళ్ళ ఎదుట ఆకలికి ఏడుస్తున్నారనీ, ఆ ఏడుపు ఇక భరించలేమనీ, తమకు తిండి అయినా పని అయినా చూపించమనీ, లేకపోతే తాము ఏమి చేయవలసి వస్తుందో చెప్పలేమనీ దాని సారాంశం. అడుగుకోవటం ఉన్నది, అందులోనే ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఆ కాగితం దొర కచేరీ చేరింది. మడత పెట్టి దాచారు.

కచేరీలో దాచిన ఉత్తరాలలో గుమాస్తాల లెక్కలూ ఉన్నవి. ఎస్టేటు వ్యవహారాలు చూచే ఏజెంటు దొరకు ఒక సలహా వ్రాశాడు. బీదలను అనాథ శరణాలయంలో ఏడాది పాటు పోషించటానికి అయ్యే ఖర్చులో సగంతోనే వారిని ఓడ ఎక్కించి కెనడాకు పంపివేయవచ్చునని లెక్క కట్టి చూపించాడు. లెక్కలో తప్పు లేదు. తప్పు ఎక్కడ ఉన్నదో పాఠకులు గ్రహించగలరు.

1847 వేసవిలో 1,490 మంది రైతులు పిల్లాపాపలతో స్ట్రోక్స్‌టౌన్ విడిచి బయలుదేరారు. కాలువ గట్టు వెంబడి డబ్లిన్ నగరం దాకా నడిచారు. అక్కడి నుండి స్టీమరు మీద ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుకు, అక్కడి నుండి నాలుగు ఓడలలో కెనడాలోని క్విబెక్ వైపుకు. ఆ ఓడలలో విర్జీనియస్ అనే దానిలో 476 మంది ఎక్కగా, నడి సముద్రంలోనే 158 మంది జ్వరం తగిలి మరణించారు. దిగినవారిలో మరెందరో గ్రోస్ ఐల్ అనే ద్వీపంలోని జ్వరాల ఆసుపత్రిలో కన్నుమూశారు. మొత్తం మీద వెళ్ళినవారిలో దాదాపు సగం మంది బ్రతకలేదని చరిత్రకారుల అంచనా.

ఆ వార్తలు ఊరికి చేరినవి. 1847 నవంబరు 2వ తేదీన, సభ ఒకటి ముగించుకుని సాయంకాలం బండిలో ఇంటికి వస్తున్న డెనిస్ మాహన్‌ను దారిలో ఎవరో కాల్చి చంపారు. ఈ హత్య సంగతి ఇంగ్లండు పార్లమెంటు దాకా పోయి గగ్గోలు పుట్టించింది. మరుసటి సంవత్సరం ఇద్దరిని ఉరి తీశారు. హత్య జరిగిన సంవత్సరమే పెళ్ళి అయిన మాహన్ కూతురు గ్రేస్ తరువాత జీవితంలో ఎన్నడూ ఆ ఇంటి గడప తొక్కలేదని చెబుతారు. ఆమె భర్త ఇంటి పేరు కలిసి, వంశం పేకెన్‌హామ్ మాహన్ అయింది.

ఇంత జరిగిన ఇంట్లో ఆ కాగితాలను ఎవరైనా పొయ్యిలో పెట్టి ఉంటే ఆశ్చర్యపోవలసినది లేదు. కాని పెట్టలేదు. అభిమానం చేతనో, ఆస్తి దస్తావేజులతో కలిసి ఉండటం చేతనో, కేవలం బద్ధకం చేతనో గాని పెట్టెలలో అలాగే ఉండిపోయినవి. నూటముప్పై ఏళ్ళకు పైగా దుమ్ము పట్టినవి. 1979లో వంశంలో చివరి యజమానురాలైన ఆలివ్ పేకెన్‌హామ్ మాహన్, తన ముసలితనంలో, మేడను సామానుతో సహా అమ్మివేశారు. కొన్నది ఏ లార్డుగారో కాదు. ఆ ఊళ్ళో మోటారు గరాజు నడిపే జిమ్ క్యాలరీ అనే వ్యాపారి. ఆయనకు కావలసినది లారీలు నిలుపుకునేందుకు కాస్త జాగా. మేడ సంగతి తరువాత చూసుకోవచ్చునని అనుకున్నాడట.

అలా కొన్న ఇంట్లో పాత కాగితాలు తిరగవేస్తూ ఉండగా క్లోనహీ రైతుల అర్జీ ఆయన చేతికి తగిలింది. చదివాడు. మేడను అమ్ముకునే ఆలోచన అంతటితో మాని, ఇంటినీ, సామానునూ, కాగితాలనూ కాపాడటానికి పూనుకున్నాడు. ఏ బీదల పేర్లు ఆ ఇంటి పెద్దలు తలుచుకోదలచలేదో, ఆ పేర్లే ఆ ఇంటికి ప్రాణం పోసినవి. 1994లో ఆ మేడ గుర్రపుసాలలలో జాతీయ క్షామ ప్రదర్శనశాల వెలసింది. అప్పటి ఐర్లండు అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ దానిని ప్రారంభించారు. అక్కడ దొరికిన కాగితాలు 50,000కు పైబడి ఉన్నవి. 1,490 మంది నడిచిన దారిని గుర్తు చేస్తూ స్ట్రోక్స్‌టౌన్ నుండి డబ్లిన్ వరకు 165 కిలోమీటర్ల కాలిబాట ఏర్పడింది. ఆ దారి పొడుగునా అక్కడక్కడ కంచుతో పోతపోసిన పసిపిల్లల జోళ్ళు నిలిపారు.

ఐర్లండులో ఇటువంటి ఇంటి కాగితాలకు ఇంత విలువ రావటానికి మరొక కారణం ఉన్నది. 1922 జూన్ 30న అంతర్యుద్ధపు రోజులలో డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం పేలిపోయి తగలబడింది. ఏడు వందల ఏళ్ళ దస్తావేజులు బూడిద అయినవి. 19వ శతాబ్దపు తొలి జనాభా లెక్కలలో అధిక భాగం అందులోనే పోయినవి. మా ముత్తాత ఏ పల్లెవాడు అని ఈనాడు ఒక అమెరికా ఐరిష్ మనుమడు అడిగితే చెప్పటానికి సర్కారు కాగితం చాలా చోట్ల లేదు. ఏ భూస్వామి శిస్తు పుస్తకమో, ఏ రైతు అర్జీయో చెప్పాలి.

ఉత్తరాల కథ ఇట్లా ఉండగా ఛాయాచిత్రాల కథ మరొకటి ఉన్నది. రాస్‌కామన్‌కు పక్క జిల్లా గాల్వే. అక్కడ క్లాన్‌బ్రాక్ అనే చోట డిలన్ వంశం వారు ఉండేవారు. ఆ వంశపు నాలుగవ ప్రభువు ల్యూక్ డిలన్ 1866లో ఆగస్టా క్రాఫ్టన్ అనే ఆమెను వివాహమాడాడు. ఆ దంపతులిద్దరికీ ఫోటోలు తీయటమంటే పిచ్చి. ఆ రోజులలో ఫోటో అంటే సామాన్యమైన పని కాదు. గాజు పలకకు జిగురు మందు పూసి, వెండి ద్రావకంలో ముంచి, ఆ తడి ఆరకముందే బొమ్మ తీసి కడిగివేయాలి. ఇందుకోసం తోటలో ప్రత్యేకంగా ఒక ఫోటో ఇల్లే కట్టుకున్నారు. తమ బిడ్డలను, చుట్టాలనే గాక నౌకర్లను, పనివారిని, విందుకు వచ్చిన రైతులను కూడా ఆ పలకల మీద నిలిపారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీలో బందీలుగా చిక్కిన ఐరిష్ సైనికులకు ఆగస్టా తిండి, బట్టల పొట్లాలు పంపేది. వాళ్ళు తిరిగి వ్రాసిన ఉత్తరాలనూ దాచింది. ఆమె 1928లో కన్నుమూసింది. అంతకు రెండేళ్ళ ముందే కొడుకు వారసులు లేకుండా పోవటంతో వంశపు బిరుదు ముగిసింది. 1976లో ఇంటి సామాను వేలానికి వచ్చింది. మరుసటి సంవత్సరం ఐర్లండు జాతీయ గ్రంథాలయం ఆ కాగితాలనూ, దాదాపు 3,500 గాజు పలకలనూ సేకరించింది. అదే మంచిది అయింది. 1984లో ఆ మేడ అగ్నికి ఆహుతి అయింది. మేడ పోయింది, మొహాలు మిగిలినవి.

అయితే ఒక కొరత. మొహాలు ఉన్నవి గాని అన్నిటికీ పేర్లు లేవు. దొరల పేర్లు తెలుసు. పక్కన తలవంచి నిలబడిన పనిమనిషి ఎవరో ఎన్నో బొమ్మలలో తెలియదు. జాతీయ గ్రంథాలయం వారు తమ వద్ద ఉన్న పాత ఫోటోలను అంతర్జాలంలో ప్రజల ముందు పెట్టి, ఎవరైనా గుర్తు పడతారా అని అడుగుతున్నారు. వెనుక ఒక్క మాట వ్రాసి ఉంటే ఈ శ్రమ అంతా తప్పేది గదా!

మనము జమీందారులము కాము, మన ఇళ్ళు మేడలు కావు. కాని హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో తరతరాలుగా ఉన్న మన ఇళ్ళలో కూడా ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో అడుగున తెలుగు ఉత్తరాలు ఉంటాయి. మన పిల్లలు కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒరియాయో చదువుకుంటున్నారు. ఆ పెట్టె తెరిస్తే అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగినవారు ఇంటిలో ఒక అమ్మమ్మగారో, ఒక పెదనాన్నగారో మాత్రమే మిగిలి ఉన్నారు. ఆ ఒక్కరూ దాటిపోతే, ఉత్తరం పెట్టెలోనే ఉంటుంది గాని మాట పోతుంది. తగలబడకుండానే బూడిద అయినట్లే.

కాబట్టి మా మనవి ఒక్కటే. ఈ నెలలో ఒక ఆదివారం ఆ పెట్టె దింపండి. పెద్దవారిని పీట వేసి కూర్చోబెట్టి ఒక్కొక్క ఉత్తరమే పైకి చదివించండి. పిల్లలు తమకు వచ్చిన లిపిలోనైనా సరే వ్రాసుకోనీయండి. ఫోటోల వెనుక మెత్తటి పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. అందులో వంటమనిషి ఉంటే ఆమె పేరు కూడా వ్రాయండి. అప్పు కాగితం దొరికినా, అన్నదమ్ముల తగాదా ఉత్తరం దొరికినా, ధాత కరువు నాటి వలస సంగతి ఎక్కడైనా బయటపడినా సిగ్గుపడి చించవద్దు. పెద్దల ఆచారాన్ని మేము తప్పు పట్టటం లేదు. చావు కబురు చదివి స్నానం చేయండి. ఆ తరువాత ఆ కాగితాన్ని ఆరబెట్టి పెట్టెలో దాచండి.

క్లోనహీ రైతులకు ఆనాడు దొర నుండి తిండి దొరికిందో లేదో గాని, వారి మాటకు మాత్రం నూటముప్పై ఏళ్ళ తరువాత జవాబు వచ్చింది. ఆ జవాబు చెప్పినవాడు లారీలకు జాగా వెతుక్కుంటూ వచ్చిన పరాయివాడు. మన పెట్టెలోని మాటలకు జవాబు చెప్పటానికి పరాయివారి కోసం ఎదురు చూడనక్కర లేదు. మన పిల్లలే ఉన్నారు.