కోత లేకుండా కాలేయానికి చికిత్స

వంటింట్లో మనం కార్జం అంటామే, దాన్నే డాక్టర్లు కాలేయం అంటారు. దానికి కేన్సరు వచ్చిందనగానే "ఇక పొట్ట కోయాల్సిందేనా?" అని ఇంటిల్లిపాదీ బెంబేలు పడిపోతారు. కోత అందరికీ అక్కరలేదు. అసలు చాలామందికి అది పనికిరాదు కూడా. అప్పటికే కాలేయం గట్టిపడి, అంటే సిర్రోసిస్ వచ్చి ఉంటుంది కనుక, ఒక ముక్క తీసేస్తే మిగిలింది ఆ భారం మొయ్యలేదు.

మరేం చేస్తారు? గడ్డ 3 సెంటీమీటర్ల లోపు, అంటే ఉసిరికాయంత ఉంటే, అల్ట్రాసౌండు తెరమీదో సీటీ స్కానులోనో చూసుకుంటూ సన్నని సూదిని చర్మం గుండా సరిగ్గా ఆ గడ్డలోకి దించుతారు. రేడియో తరంగాలతోగానీ మైక్రోవేవ్‌తోగానీ సూది కొన చుట్టూ వేడి పుట్టిస్తారు. 60 డిగ్రీలు దాటిందంటే ఆ కణాలు అక్కడికక్కడే చచ్చిపోతాయి. పక్కనున్న మంచి భాగం చాలావరకు దక్కుతుంది.

గడ్డ పెద్దదైనా, నాలుగైదు చోట్ల ఉన్నా ఇంకో దారి ఉంది. కాలేయానికి నెత్తురు రెండు దారుల్లో వస్తుంది. ముప్పాతిక వంతు పేగుల నుంచి వచ్చే సిరలో, పాతిక వంతు ధమనిలో. కేన్సరు గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతుంది. పైరుకొక కాలువ, కలుపుకొక కాలువ ఉన్నట్టన్నమాట! తొడ దగ్గర నుంచో మణికట్టు నుంచో సన్నని గొట్టాన్ని ఎక్స్‌రే తెరమీద చూస్తూ పంపి, గడ్డకు పోయే కొమ్మలోనే మందు వదిలి దారి మూసేస్తారు. దీన్ని టేస్ అంటారు. ఇది తగినవారిలో ఆయుష్షు పెంచుతుందని 2002లో వెలువడిన బార్సిలోనా, హాంకాంగ్ పరీక్షల్లో తేలింది. తర్వాత కొన్నాళ్ళు జ్వరం, కడుపునొప్పి, వాంతులు ఉండొచ్చు. గడ్డ మళ్ళీ రావచ్చు కూడా, కాబట్టి స్కానులు మానకూడదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వాళ్ళు హైదరాబాదు పెద్దాసుపత్రులకు వెళ్ళేముందు, ఏ చికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడగడం మేలు.

నన్నడిగితే అసలు చిక్కంతా ఆలస్యంతోనే. చిన్న గడ్డ నొప్పి పెట్టదు. తీరా పసిరికలు కనిపించాక పసరు తాగించి, చేతికి వాతలు పెట్టించి నెలలు గడిపేస్తారు. సిర్రోసిస్ ఉన్నవారికి, డాక్టరు చెప్పిన హెపటైటిస్-బి రోగులకు ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండు తప్పదు. ఆ హెపటైటిస్-బికి టీకా ఉంది. 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేశాక ధర బాగా దిగివచ్చింది. ఇప్పుడు సర్కారు దవాఖానాల్లో ఉచితం. మీ కోడలో కూతురో కాన్పుకు వెళితే, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే మొదటి మోతాదు పడిందో లేదో నర్సమ్మను అడిగి తెలుసుకోండి.