సూర్యాస్తమయం తర్వాత విద్యుత్తు: అణుశక్తి, పునరుత్పాదక ఇంధనాల పాత్ర

విద్యుదుత్పత్తిలో బొగ్గు వాడకాన్ని క్రమంగా తగ్గించుకోవాలన్న లక్ష్యంపై నిపుణుల మధ్య పెద్దగా భేదాభిప్రాయాలు లేవు. బొగ్గు స్థానాన్ని దేనితో భర్తీ చేయాలన్న అంశంపైనే చర్చ సాగుతోంది. సౌర, పవన విద్యుత్తు, వాటికి తోడు నిల్వ కేంద్రాలు చాలునని ఒక వర్గం వాదిస్తుండగా, అణువిద్యుత్తు కూడా అవసరమేనని మరో వర్గం అభిప్రాయపడుతోంది. రాయలసీమ జిల్లాల్లో సౌర, పవన కేంద్రాలు విస్తరించడం, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వద్ద అణువిద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించడం వల్ల ఈ చర్చకు ఆంధ్రప్రదేశ్‌తో ప్రత్యక్ష సంబంధం ఉంది.

స్థాపిత సామర్థ్యం, వాస్తవ ఉత్పత్తి

దేశంలో సౌరవిద్యుత్ స్థాపిత సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. అదే సంవత్సరంలో అణువిద్యుత్ సామర్థ్యం 8,780 మెగావాట్లు మాత్రమే. దేశ విద్యుదుత్పత్తిలో దాని వాటా సుమారు 3 శాతం. అయితే ఈ సామర్థ్యపు అంకెలను నేరుగా పోల్చి చూడటం సరికాదు. వెయ్యి మెగావాట్ల కేంద్రం ఏడాది పొడవునా పూర్తిస్థాయిలో నడిస్తే 876 కోట్ల యూనిట్ల విద్యుత్తు లభిస్తుంది. రాత్రివేళ ఉత్పత్తి ఉండదు కనుక సౌర కేంద్రం నుంచి అందులో ఐదో వంతు, అంటే సుమారు 175 కోట్ల యూనిట్లు లభిస్తాయి. అణు కేంద్రం 80 శాతం సామర్థ్యంతో నడిస్తే 700 కోట్ల యూనిట్లు ఇస్తుంది. కర్ణాటకలోని కైగా కేంద్రం మొదటి యూనిట్ 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు నిరంతరాయంగా పనిచేసి, నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పడం గమనార్హం.

సాయంకాలపు గిరాకీ

పగటిపూట సౌర విద్యుత్తుకు ధరలో పోటీ లేదు. రాజస్థాన్‌లోని భడ్లా పార్కు కోసం 2017 మే నెలలో జరిగిన వేలంలో యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగివచ్చింది. అసలు సమస్య పొద్దుగూకిన తర్వాత మొదలవుతుంది. ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీల వాడకం పెరిగే వేళకే సౌర ఉత్పత్తి పూర్తిగా ఆగిపోతుంది. గంట, రెండు గంటల వ్యవధిలో మరొక వనరు ఆ లోటును పూడ్చవలసి ఉంటుంది.

ఈ పనికి అణు కేంద్రం అంతగా అనుకూలం కాదు. దాని వ్యయంలో అధికభాగం నిర్మాణానిదే, ఇంధనపు ఖర్చు స్వల్పం. పగటివేళ ఉత్పత్తి తగ్గించినా ఆదా అయ్యేది తక్కువ, యూనిట్ ఖర్చు మాత్రం పెరుగుతుంది. అందువల్ల మన దేశంలో రియాక్టర్లను సాధారణంగా స్థిరమైన స్థాయిలో నడుపుతారు. ఫ్రాన్స్‌లో గిరాకీని బట్టి ఉత్పత్తిని తగ్గించే, పెంచే పద్ధతి అమలులో ఉంది. రాత్రంతా నిలకడగా సరఫరా చేయడం అణు కేంద్రానికి ఉన్న బలం కాగా, మధ్యాహ్నం సౌర విద్యుత్తు మిగులుగా ఉన్నప్పుడు ఆ నిలకడే భారంగా మారే అవకాశం ఉంది.

నీటి రూపంలో నిల్వ

సాయంకాలపు లోటుకు తెలుగువారికి పరిచయమైన పరిష్కారం జలాశయాల్లోనే ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల ఆరు యూనిట్లను, దిగువ నుంచి నీటిని తిరిగి పైకి ఎత్తిపోసే ఏర్పాటుతోనే నిర్మించారు. మిగులు విద్యుత్తుతో నీటిని పైకి పంపి, అవసరమైన వేళ కిందికి వదిలి ఉత్పత్తి చేయడం ఇందులోని సూత్రం. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద 1,680 మెగావాట్ల పథకాన్ని ఇదే సూత్రంపై, సౌర, పవన విద్యుత్తుతో అనుసంధానించి చేపట్టారు.

ఎత్తిపోతలో దాదాపు నాలుగో వంతు విద్యుత్తు నష్టమవుతుంది. పైగా ఇటువంటి నిల్వ కొన్ని గంటలకే సరిపోతుంది. నైరుతి రుతుపవన కాలంలో ఉధృతంగా ఉండే పవన విద్యుత్తు ఆ తర్వాతి నెలల్లో బాగా తగ్గిపోతుంది. ఒక రుతువులోని మిగులును మరో రుతువుకు దాచడం ఈ జలాశయాలకు సాధ్యం కాదు. అణువిద్యుత్తును సమర్థించేవారి వాదనలో బలమైన అంశం ఇదే.

వ్యయం, కాలం

కొవ్వాడలో 1,208 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు ఏపీ-1000 రియాక్టర్లను, మొత్తం 7,248 మెగావాట్లతో నెలకొల్పాలని ప్రతిపాదించారు. ఇదే నమూనాతో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగ్ల్ వద్ద నిర్మించిన రెండు యూనిట్లు, అనుకున్న గడువు కంటే దాదాపు ఏడేళ్లు ఆలస్యంగా 2023, 2024 సంవత్సరాల్లో పూర్తయ్యాయి. తొలుత 1,400 కోట్ల డాలర్లుగా ఉన్న అంచనా 3,000 కోట్ల డాలర్లు దాటింది. గుజరాత్‌లోని కాక్రాపార్‌లో 2010లో పనులు మొదలైన 700 మెగావాట్ల స్వదేశీ యూనిట్ వాణిజ్య ఉత్పత్తి 2023లో ప్రారంభమైంది. ఇటువంటి స్వదేశీ భారజల రియాక్టర్లకు ఇంధనం హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో తయారవుతుంది. నిర్మాణ జాప్యంపై పెరిగే వడ్డీ భారం చివరకు వినియోగదారుని బిల్లుపైనే పడుతుంది.

ప్రజల సందేహాలు

2011లో జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదం తర్వాత తీరప్రాంత కేంద్రాల భద్రతపై సందేహాలు పెరిగాయి. జర్మనీ 2023 ఏప్రిల్ 15న తన చివరి మూడు రియాక్టర్లను మూసివేసింది. కొవ్వాడ పరిసర గ్రామాల మత్స్యకారులు భూమితోపాటు వేటకు ఆధారమైన సముద్రం గురించీ ఆందోళన వ్యక్తం చేశారు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాల చెరువు వల్ల భూగర్భజలాలు కలుషితమవుతున్నాయని రైతులు ఫిర్యాదు చేశారు. నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానించింది.

సౌర విద్యుత్తుకూ భూమి కావాలి. కర్నూలు జిల్లాలో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల పార్కుకు దాదాపు 5,900 ఎకరాలు అవసరమైంది.

సమన్వయమే మార్గం

2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్ సామర్థ్యం సాధించాలని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో లక్ష్యంగా ప్రకటించారు. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించి, స్వదేశీ పరిజ్ఞానంతో కనీసం ఐదింటిని 2033 నాటికి పనిచేయించాలని సంకల్పించారు.

ఏ వనరు మేలన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండదు. పగటివేళకు సౌర విద్యుత్తు, సాయంకాలానికి నిల్వ కేంద్రాలు తగిన వనరులని అనుభవం తెలియజేస్తోంది. రాత్రివేళ నిలకడైన అవసరానికి, గాలి తగ్గే నెలలకు అణువిద్యుత్తు ఎంతమేరకు కావాలన్నది నిర్మాణ వ్యయంపైన, నిల్వ ధరలపైన ఆధారపడి ఉంటుంది. భూములిచ్చే గ్రామాలకు ఆ లెక్కలు ముందుగానే తెలిసినప్పుడే ఏ నిర్ణయానికైనా ప్రజల విశ్వాసం లభిస్తుంది.