వారాల భోజనం నుంచి స్టడీ హాలు దాకా: అశోక్‌నగర్‌లో ఉద్యోగార్థుల నివాసం

వ్యాససంగ్రహం:
హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో ఉంటూ పోటీపరీక్షలకు సిద్ధమవుతున్న యువతీయువకుల నివాసరీతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఒకే ఇంట్లో కలిసి ఉండవలసిన పడక, వంట, చదువు అనే మూడు వసతులు వేర్వేరు ఖర్చులుగా విడిపోయిన తీరును, పరీక్షల వాయిదాలు ఆ ఖర్చులను పెంచుతున్న తీరును చర్చిస్తుంది.

కీలకపదాలు: అశోక్‌నగర్, పోటీపరీక్షలు, వారాలు, పూటకూళ్ళు, హాస్టల్, స్టడీ హాలు, అభ్యర్థి.

1. ఉపోద్ఘాతం

హుస్సేన్‌సాగర్‌కు తూర్పువైపున, ఇందిరా పార్కుకూ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కూ నడుమ ఉన్న పేట అశోక్‌నగర్. చిక్కడపల్లి, గాంధీనగర్, దోమలగూడ దాని ఇరుగుపొరుగు. సినిమా ప్రేక్షకులకు ఈ ప్రాంతం సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల వల్ల పరిచయం. డిగ్రీ పూర్తిచేసి 'గ్రూప్స్' రాయదలచిన పల్లె యువతకు మాత్రం అశోక్‌నగర్ అంటే కోచింగ్. సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట ఎలాగో, ప్రభుత్వోద్యోగ పరీక్షలకు అశోక్‌నగర్ అలాగ. ఈ రెంటికీ ఒక తేడా ఉంది. అమీర్‌పేటలో కోర్సుకు గడువు ఉంటుంది. కొన్ని నెలల్లో అది ముగుస్తుంది. అశోక్‌నగర్‌కు వచ్చినవారు ఎప్పుడు తిరిగి వెళతారో కోచింగ్ సంస్థ చెప్పలేదు, ఇంటి యజమాని చెప్పలేడు, వచ్చినవారూ చెప్పలేరు. అక్కడి జీవనరీతిని అర్థం చేసుకోవడానికి ఈ అనిశ్చితే ఆధారం.

2. పూర్వరూపాలు

ఊరు విడిచి పట్నంలో చదువుకోవడం తెలుగువారికి కొత్త కాదు. పట్నంలో చదువుకొనే పేద బ్రాహ్మణ విద్యార్థులకు ఒకప్పుడు వారాలే ఆధారం. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట అన్నం తింటూ, ఏ సత్రంలోనో అరుగు మీదనో పడుకొని చదువు ముగించేవారు. వారాల భోజనంలో దయ ఉంది, లోకువ కూడా ఉంది. కులపు హద్దు మరీ స్పష్టంగా ఉంది. అన్ని కులాల పిల్లలకూ ఆ గడపలు తెరుచుకోలేదు. అయినా ఒక సంగతి గమనించాలి. వారాలబ్బాయి ఎవరో, ఎవరి కొడుకో, ఏ తరగతిలో ఉన్నాడో ఆ వీధికి తెలుసు.

డబ్బు ఇచ్చి తినగలవారికి పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. టంగుటూరి ప్రకాశం తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను చదివించిన సంగతి ప్రసిద్ధం. గురజాడ 'కన్యాశుల్కం'లో వెంకటేశం కృష్ణరాయపురం అగ్రహారం నుంచి విజయనగరం వచ్చి చదువుతున్నవాడు. ఆ నాటకంలో నవ్వు పుట్టించే పాత్రగానే అతణ్ణి తలచుకోవడం అలవాటయింది. నిజానికి పట్నంలో కొడుకు చదువుకు పల్లెలో తండ్రి పెట్టే ఖర్చు, ఆ ఖర్చు మీద తండ్రి విసుగు, పరీక్ష ఫలితం ఇంట్లో చెప్పడానికి కొడుకు భయం – అశోక్‌నగర్‌లో నేడు కనిపించే ఈ మూడూ అప్పటికే అందులో ఉన్నాయి.

హైదరాబాద్‌లో 1918 రెండు విధాల ముఖ్యమైన సంవత్సరం. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. జిల్లాల నుంచి వచ్చే విద్యార్థుల కోసం రెడ్డి హాస్టల్ మొదలైంది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు నిర్వహించారు. ఇటువంటి వసతిగృహాలు కులం పేరుతో వెలసినా అక్కడ పడక, భోజనం, చదువుకొనే చోటు, మంచిచెడ్డలు అడిగే పెద్ద ఒకేచోట ఉండేవారు. తరువాత వచ్చిన విశ్వవిద్యాలయ వసతిగృహాలూ, ప్రభుత్వ సంక్షేమ వసతిగృహాలూ ఈ ఏర్పాటునే కొనసాగించాయి.

3. విడిపోయిన ఇల్లు

అశోక్‌నగర్‌లో కనిపించేది ఇందుకు భిన్నం. అక్కడ ఇల్లు ముక్కలుగా విడిపోయి వీధి పొడవునా పరచుకొని ఉంటుంది.

మొదటిది పడక. ప్రైవేటు హాస్టల్‌లో అద్దెకు దొరికేది గది కాదు, మంచం. ఇద్దరి షేరింగ్, ముగ్గురి షేరింగ్, నలుగురి షేరింగ్ అని బోర్డుల మీద రాసి ఉంటుంది. మంచాల సంఖ్య పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. 'పంచుకోవడం' అనే అర్థమున్న మాట ఇక్కడ ధరల పట్టికలో ఒక కొలమానంగా మారింది. విడిగా గది తీసుకోదలచినవారికి 'ఫ్యామిలీస్ ఓన్లీ' అనే టులెట్ బోర్డు ఎదురవుతుంది. నగర వ్యవహారంలో 'ఫ్యామిలీ'కి వ్యతిరేకపదం 'బ్యాచిలర్'. భార్యాపిల్లలు ఊళ్ళో ఉండగా ఒంటరిగా ఉంటున్న పెళ్ళయిన అభ్యర్థి కూడా ఈ లెక్కలో బ్యాచిలరే. అటువంటివారికి తరచు దొరికేది మేడ మీది ఒంటిగది. దాన్ని 'పెంట్‌హౌస్' అంటారు. ఎండాకాలంలో రేకుల కింద కూర్చొని చదివినవారికి ఆ పేరులోని వెటకారం వేరే చెప్పనక్కరలేదు.

రెండవది వంట. నెలకు డబ్బు కట్టి మెస్‌లో తినేవారు ఉన్నారు. ఖర్చు తగ్గించుకోదలచినవారు గదిలో అన్నం వండుకొని కర్రీ పాయింట్ నుంచి కూర, పప్పు, సాంబారు పొట్లాలు తెచ్చుకుంటారు. బియ్యం మాత్రం చాలామందికి ఊరి నుంచే వస్తుంది. జూబ్లీ బస్‌స్టేషన్‌లోనో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోనో దింపుకొన్న బియ్యం మూట, ఆవకాయ సీసా గదికి చేరితే ఆ నెల కొంత గట్టెక్కినట్టే. అన్నం పల్లెది, కూర పట్నానిది. ఈ కుటుంబాలకు వ్యవసాయంతో సంబంధం ఇంకా తెగలేదని చెప్పడానికి ఈ మూటను మించిన సాక్ష్యం అక్కరలేదు. ఏ పూట డబ్బు కరువైతే ఆ పూట 2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం ఉండనే ఉంది.

మూడవది చదువు. నలుగురు పడుకొనే గదిలో బల్ల పట్టదు. ఒకరు నిద్రపోతే మరొకరు దీపం ఆర్పాలి; ఒకరు ఫోనులో పాఠం వింటే మరొకరు పుస్తకం మూయాలి. ఈ ఇబ్బందిలోంచి స్టడీ హాలు అనే వ్యాపారం పుట్టింది. చెక్కలతో విడదీసిన అరలో ఒక కుర్చీ, ఒక దీపం, ఫోనుకు ఒక ప్లగ్గు: వీటికి నెలవారీ రుసుము. అంటే అభ్యర్థి వీపు వాల్చడానికి ఒక అద్దె, కూర్చోవడానికి మరొక అద్దె కడుతున్నాడు. పూర్వం వారాల విద్యార్థికి కూడా అరుగు మీద ఈ రెండవ వసతి ఉచితంగా దొరికింది.

రెండవ అద్దె కట్టలేనివారికి చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం దిక్కు. అక్కడికి వచ్చేవారిలో అధికభాగం గ్రంథాలయ పుస్తకాల కోసం రారు. సొంత పుస్తకాలు సంచిలో పెట్టుకొని, కూర్చొనే చోటు కోసం వస్తారు. హాలు నిండితే ఆవరణలో చెట్ల కింద కూర్చుంటారు. గ్రంథాలయోద్యమం తెలుగునాట పుస్తకాన్ని పాఠకుడి దగ్గరకు చేర్చాలని తపించింది. నేడు పాఠకుడు పుస్తకంతో సహా వచ్చి కుర్చీ అడుగుతున్నాడు. దీన్ని గ్రంథాలయ పతనంగా భావించేవారు ఉండవచ్చు. ఆ అభిప్రాయం సరైనది కాదు. నిశ్శబ్దంగా కూర్చొనే చోటు కూడా పౌర గ్రంథాలయం ఇవ్వవలసిన సేవే, ముఖ్యంగా ఇల్లు దాన్ని ఇవ్వలేనప్పుడు. ఈ సేవకు ఖర్చు భరిస్తున్నది ఎవరన్నది కూడా ఆసక్తికరం. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు గ్రంథాలయ సంస్థలకు ప్రధాన ఆదాయం. 'బ్యాచిలర్స్'కు గది ఇవ్వనన్న యజమాని కూడా తెలియకుండానే వారి కుర్చీకి కొంత చెల్లిస్తున్నాడు.

4. విద్యార్థి, అభ్యర్థి

'విద్యార్థి', 'అభ్యర్థి' – రెండింటిలోనూ అర్థించడం ఉంది. విద్యను కోరేవాడు విద్యార్థి. ఉద్యోగ పరీక్షల సందర్భంలో ఉద్యోగాన్ని కోరేవాడు అభ్యర్థి. పుస్తకం పట్టుకొని కూర్చున్నప్పుడు ఇద్దరికీ తేడా కనిపించదు. వ్యవస్థ దృష్టిలో ఆ తేడా పెద్దది. విద్యార్థికి గుర్తింపుకార్డు ఉంటుంది, బస్‌పాస్ ఉంటుంది, ఉపకారవేతనం ఉంటుంది. చివరి పరీక్ష రాసిన నాటితో ఇవి పోతాయి. విశ్వవిద్యాలయ వసతిగృహంలో పేరు లేకుండా స్నేహితుడి గదిలో ఉండిపోయేవారికి 'నాన్‌బోర్డర్' అనే పేరు ఉంది. అశోక్‌నగర్ అభ్యర్థి ఒక విధంగా నగరానికే నాన్‌బోర్డర్. చాలామందికి ఆధార్ చిరునామా ఊరిదే, ఓటూ ఊళ్ళోనే.

వయసు విషయంలోనూ 'విద్యార్థి' అనే మాట ఇక్కడ సరిపోదు. తెలంగాణలో ఈ పరీక్షల గరిష్ఠ వయోపరిమితిని 2022లో 44 సంవత్సరాలకు, 2024లో 46కు పెంచారు. నోటిఫికేషన్లు రాని సంవత్సరాలకు అది పరిహారమే. దానితోపాటు గది ఖాళీ చేసి వెళ్ళిపోవడానికి ఉన్న ఒక కారణం కూడా తొలగిపోయింది.

వారు ఉంటున్నది ఇల్లా, వ్యాపారస్థలమా అన్న విషయంలో పన్నుచట్టం కూడా తడబడింది. విద్యార్థుల హాస్టల్ కోసం అద్దెకిచ్చిన భవనం నివాసగృహమేనని 2022లో కర్ణాటక హైకోర్టు తీర్పునిచ్చింది. 2023లో అదే రాష్ట్రపు అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ హాస్టల్ నివాసగృహం కాదని, దానికి 12 శాతం జి.ఎస్.టి. వర్తిస్తుందని చెప్పింది. చివరకు 2024 జూన్‌లో 53వ జి.ఎస్.టి. మండలి, మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు ఎడతెగకుండా ఉండే వసతికి మినహాయింపు సిఫారసు చేసింది.

5. పరీక్ష తేదీ, అద్దె తేదీ

అద్దె తేదీ నెలనెలా తప్పకుండా వస్తుంది. పరీక్ష తేదీ అలా రాదు. తెలంగాణ ఏర్పడిన తరువాత తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వెలువడింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ జూన్‌లో, మెయిన్స్ అక్టోబరులో జరిగాయి. 783 పోస్టుల గ్రూప్-2 పరీక్ష 2023 ఆగస్టు 29, 30 తేదీల నుంచి నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, తరువాత ఆగస్టుకు మారి, చివరకు డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది.

మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య 15 నెలలు దాటాయి. ఒక అభ్యర్థికి అది మంచానికి 15 నెలల అద్దె, కుర్చీకి 15 నెలల రుసుము, అన్ని నెలల భోజనం. వానకాలం, యాసంగి, మళ్ళీ వానకాలం పంటల రాబడిలోంచి ఊరు పంపవలసిన డబ్బు. గది వదిలిపెడదామంటే నెల ముందే చెప్పాలి. చెప్పిన వారానికే కొత్త తేదీ ప్రకటిస్తే మళ్ళీ మంచం దొరుకుతుందో లేదో తెలియదు. వర్తమానాంశాల పుస్తకం కూడా వాయిదాతో పాతబడుతుంది, కొత్తది కొనాలి. వాయిదా కోరి రోడ్డెక్కినవారూ ఇక్కడివారే, వాయిదా వల్ల నలిగినవారూ ఇక్కడివారే. బయటివారికి ఇది వైరుధ్యంగా తోస్తుంది. ఒకే నెలలో రెండు మూడు పరీక్షలు కుదించి పెట్టినప్పుడు, ఖర్చు పెరిగినా సరే సిలబస్ పూర్తిచేసుకోవాలన్నది వారి లెక్క.

అమ్మాయిల విషయంలో ఈ లెక్క మరింత కఠినం. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే స్టడీ హాలు వారికి సగమే ఉపయోగం. రాత్రి వేళకు హాస్టల్ గేటు మూస్తారు. అందుకే లోపలే చదువుకొనే గది ఉన్న హాస్టల్‌కు ఎక్కువ అద్దె ఇచ్చి మారుతుంటారు. వాయిదా పడ్డప్పుడల్లా అబ్బాయి ఇంటికి ఫోనుచేసి డబ్బు అడుగుతాడు. అమ్మాయి డబ్బుతో పాటు గడువు కూడా అడగాలి. ఈ ఒక్క పరీక్ష అయ్యేదాకా సంబంధాలు చూడవద్దని తల్లిని ఒప్పించాలి. గ్రూప్-2కు సిద్ధమైన అమ్మాయి ఆ మాట 2023 ఆగస్టులో ఒకసారి చెప్పి ఉంటే, తరువాత మరో నాలుగుసార్లు చెప్పవలసివచ్చింది.