పడవెక్కితే మద్రాసే!

'అందాల రాముడు' (1973) చూసిన దగ్గర్నుంచీ, లాంచీ మీద వెన్నెల్లో భోంచెయ్యాలని నాకో సరదా! అక్కినేనితో పాటు మనల్నీ గోదావరి మీద భద్రాచలం తిప్పేశారు కదా బాపు-రమణలు!

సాయంత్రం పడవెక్కి, భోజనం చేస్తూ మహానగరం మధ్యనుంచి సాగిపోవడం... అబ్బో, అది లండన్‌లోనో, బ్యాంకాక్‌లోనో అంటారా? నెల్లూరు తీరంలో పడవెక్కితే ఒకప్పుడు ఏకంగా మద్రాసు నడిబొడ్డుకే వెళ్ళొచ్చు! అదే బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు దగ్గర పనులు మొదలు. 1877-78 కరువులో కూలీల చేత తవ్వించి, నగరంలో కూవం, అడయారు నదుల్ని కలిపారు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు!

కృష్ణపట్నం పక్కగా, పులికాట్ సరస్సు మీదుగా ఉప్పూ, కట్టెలూ మద్రాసు చేరేవి. గాలుంటే తెరచాప... లేకుంటే గడకర్రా, గట్టు మీంచి తాడూ!

మరిప్పుడో? 1965, 66 తుపానులు కాలువను దెబ్బతీశాయి. చెన్నైలో 1990లలో రైలు వంతెన స్తంభాలు కాలువలోనే పాతారు. అయినా 2004 సునామీలో కొన్నిచోట్ల అలల ఉరవడి తగ్గించింది ఈ కాలువే! 2008లో జాతీయ జలమార్గంలో చేర్చారు కూడా.

విందు సంగతి సరే... ముందు పూడిక తియ్యాలి. ఏ హీరో లాంచీ ఎక్కినా, కింద నీళ్ళుండాలి కదండీ!