బలుసాకు ఎవరి కూర?

"బతికుంటే బలుసాకైనా తినొచ్చు" అని తెలుగులో ఒక సామెత ఉంది. ఆస్తి పోయినవాడికి, పరువు పోయినవాడికి ఊరడింపుగా ఈ మాట చెప్తారు. అంటే చెప్పేవాడి దృష్టిలో బలుసాకు తినడం మనిషి దిగజారగల ఆఖరి మెట్టు. ఆ మెట్టు మీదే తరతరాలుగా కాపురం చేస్తున్నవాళ్ళు ఉన్నారన్న సంగతి సామెతకు పట్టలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మాల మాదిగ వాడల్లో బలుసాకు సామెత కాదు, కూర. ఆ వాడల్లో పుట్టి, మా ఇళ్ళల్లో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కిన మేము, మా అమ్మల కొంగులోని ఆకును మళ్ళీ ఒకసారి విప్పి చూడాలనుకున్నాం.

కలుపు ఎవరికి, కూర ఎవరికి

నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఈ సీమ దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, అదీ నమ్మకం లేనిది. వాన తప్పితే భూమి ఉన్నవాడికి పంట పోతుంది, భూమి లేనివాడికి కూలి పోతుంది. కూలి పోయిన రోజు సంగటి ముద్దలోకి ఏముంది అన్నది ఇంటి ఆడమనిషి జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆమె దగ్గర డబ్బు లేదు. చెట్టూ చేమా తెలిసిన కన్ను ఉంది.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాలుగు చినుకులు పడితే వేరుశనగ చేలో విత్తనంతో పాటు గురుగు, చెంచలి, గలిజేరు, గంగపాయల, ముళ్ళతోటకూర మొలుస్తాయి. ఆసామికి అది కలుపు. కలుపు తీసే కూలిమనిషికి అది సాయంత్రం కూర. కొంగులో కట్టుకొచ్చిన నాలుగైదు రకాలు కలిపి వండితే బెరకాకు. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే దాన్నే బెరకె సొప్పు అంటారు. ఒకే మొక్క ఒకరికి కలుపు, ఇంకొకరికి కూర ఎందుకైందో వృక్షశాస్త్రంలో దొరకదు. భూమి పట్టా ఎవరి పేరు మీద ఉందో చూస్తే తెలుస్తుంది.

చెరువు కింద తేమలో పొన్నగంటి కూర. గట్ల మీద తుమ్మికూర, బలుసు. ఉగాది ప్రాంతంలో చింతచిగురు. పెనుకొండ కొండవాలుల్లో వానాకాలం బోడకాకర, ఆ తర్వాత సీతాఫలం, చలికాలంలో రేగుపళ్ళు. వేరుశనగ పీకిన చేలో మట్టిలో మిగిలిన కాయలు తవ్వుకోవడం, కోత అయిన చేలో పరిగె ఏరుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. హిందూపురం చింతపండు మార్కెట్టుకు పేరుమోసిన ఊరు. కాయను వేలంలో పాడుకున్నవాడు పట్టుకుపోతే, చిగురు మాత్రం అడిగేవాడు లేక పేదల వంతుకు మిగిలింది.

ఊరికే వచ్చింది కాదు

"ప్రకృతి ఉచితంగా ఇచ్చిన ఆహారం" అని ఈమధ్య కొందరు మురిపెంగా రాస్తున్నారు. ఉచితం కాదు. పొద్దంతా కూలి చేసి, వంగిన నడుముతో ఇంకో గంట వంగి ఏరుకున్నది. ఆసామి చేలో అడుగు పెట్టాలంటే అతని దయ కావాలి. దయ లేని రోజు తిట్లు తినాలి.

ఇది చదువు లేని పని కూడా కాదు. గలిజేరు లేతాకే తినాలి, ముదిరింది తింటే విరేచనాలు పట్టుకుంటాయి. నల్లేరు తగిలితే చేతులు దురద పెడతాయి. లేత కాడకు నార తీసి, వేయించి, చింతపండుతో నూరితేనే నోటికి పనికొస్తుంది. కొన్ని ఆకులను ఉడికించి ఆ నీళ్ళు వంపేయాలి. గంగపాయల, తోటకూర జాతుల్లో ఉండే ఆక్సలేట్లు అట్లా వంపితే తగ్గుతాయని ఆహారశాస్త్రం చెప్తుంది. మా అవ్వలకు ఆక్సలేటు అన్న పేరు తెలీదు, నీళ్ళు వంపడం తెలుసు.

మందు సంగతీ అంతే. తెగిన గాయానికి గడ్డిచామంతి ఆకు పసరు, కామెర్లకు నేలఉసిరి, జ్వరానికి నేలవేము, తిప్పతీగ, గజ్జికి కుప్పింటాకు. వీటితోనే అన్ని రోగాలూ పోతాయని మేము అనడం లేదు. కామెర్లు వచ్చినవాడికి ఆసుపత్రి కావాలి. ఆసుపత్రి దూరమై, డాక్టరు రాక, చేతిలో డబ్బు లేక ఆకు పసరు మీదే ఆధారపడాల్సి రావడం అన్యాయమే. కానీ ఆ అన్యాయం మధ్యనే ఈ తెలివి పెరిగింది. చాలా ఊళ్ళల్లో పురుడు పోసిన మంత్రసాని వాడ మనిషే. బిడ్డ బొడ్డు కోసేదాకా ఆమె చెయ్యి కావాలి, పురుటిస్నానం అయ్యాక ఆ చెయ్యే మైల.

తోలు ఊనడం మరో ఉదాహరణ. తంగేడు చెక్కలో తోలును చెడకుండా కాపాడే గుణం ఉందని, దాన్ని ఎంత దంచాలో, ఎన్నాళ్ళు నానబెట్టాలో మాదిగలకు తెలుసు. రసాయనాలతో తోలు ఊనే పద్ధతి రాకముందు మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్ళ పరిశ్రమ ఈ తంగేడు చెక్క మీదే నడిచింది. దాన్ని పరిశ్రమ అన్నారు గానీ దాని వెనకున్నది విద్య అని అనలేదు.

కరువు, కంచె, కలుపుమందు

1876-78 నాటి ధాత కరువులో ఈ తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అనంతపురం వేరే జిల్లా అయ్యింది 1882లో. సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల కూలి తగ్గించి, మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దాని మీద కొంచెం చిల్లర చాలన్నాడు. ఇది మనిషిని నిలబెట్టదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ అభ్యంతరం చెప్పాడు. ఆ కరువులో జనం నాగజెముడు పళ్ళు, అడవి గడ్డలు, ఆకులు తిన్నారు. వాళ్ళు ఏమేం తిన్నారో జాన్ షార్ట్ అనే వైద్యుడు పట్టిక కూడా రాశాడు. పట్టికలో మొక్కల పేర్లు మిగిలాయి, అవి తినొచ్చని అతనికి తెలియజెప్పిన మనుషులు మిగలలేదు.

కరువు ముగిసిన నాలుగేళ్ళకే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు రిజర్వు అయ్యాయి. నిన్న ప్రాణం నిలబెట్టిన గడ్డ నేడు తవ్వితే నేరం. 2006 అటవీ హక్కుల చట్టం కొంత తలుపు తెరిచింది నిజమే. కానీ ఆదివాసులు కాని పేదలు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, అడవి మీద బతికామని రుజువు చూపాలి. కొంగులో ఆకు తెచ్చుకున్నదానికి రసీదు ఎవరిచ్చారు?

చేలల్లో మరో కంచె పడింది. కొర్ర, సజ్జ, కంది కలిపి వేసే చేలను వేరుశనగ ఒక్కటే ఆక్రమించింది. కూలి ఖర్చు తగ్గుతుందని ఆసాములు కలుపుమందు కొట్టడం మొదలుపెట్టారు. దాంతో కలుపు కూలీ పోయింది, కలుపులోని కూరా పోయింది. ఒక్క పిచికారీతో రెండు పూటల తిండి మీద దెబ్బ. ఇంకోపక్క బీళ్ళు, వంక పోరంబోకులు, దళితులకిచ్చిన డి.కె.టి. పట్టాలు పరిశ్రమల పేర చేతులు మారాయి. లేపాక్షి నాలెడ్జ్ హబ్ కోసం చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,000 ఎకరాలకు పైగా తీసుకున్నారు. చెప్పిన హబ్ రాలేదు. ఆ బీళ్ళల్లో తిరిగిన ఆడవాళ్ళకు ఉన్నది కూడా నాలెడ్జే అని ఎవరికీ తోచలేదు.

రాసి ఉన్నదే జ్ఞానమా?

పసుపుతో గాయం మానుతుందన్న దాని మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయ్యింది. మన దేశం గెలిచింది పాత గ్రంథాలు, అచ్చయిన పత్రాలు చూపించి. 2001లో మొదలైన సాంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ కూడా ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాలనే ముందు ఎక్కించింది. 2002 జీవవైవిధ్య చట్టం ఇటువంటి తెలివిని వాడుకునే కంపెనీ ఆ జనానికి వాటా ఇవ్వాలంది. 2023 సవరణ గ్రంథస్తమైన సాంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్ళకు ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. పుస్తకం పట్టుకోనివ్వని కులాల తెలివి ఎవరి గ్రంథంలో, ఎవరి పేరు మీద ఉంటుంది? మన అమ్మలు చెప్పగా విని ఎవరో రాసుకున్నది కూడా చివరికి రాసినవాడి ఖాతాలోకే పోతుంది.

అందుకే మేము రెండు మాటలు కలిపి అడుగుతున్నాం. ఆ జీవవైవిధ్య చట్టం కిందే పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. ఆ రాత వాడలో కూచుని జరగాలి. మొక్క పేరు పక్కన అది చెప్పిన ఆడమనిషి పేరు, ఆమె ఒప్పుకుంటేనే, ఉండాలి. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు విత్తకుండా మొలిచే కూరలను తమ తిండిలో భాగంగా లెక్కకట్టి చూపించారు. మన టీచర్లు, విద్యార్థులు సెలవుల్లో తమ ఇంటి నుంచే ఈ పని మొదలుపెట్టొచ్చు.

రెండోది భూమి. ఆకు గొప్పతనం పొగిడి, ఆకు మొలిచే నేల సంగతి మాట్లాడకపోతే మనం ఆకలినే పొగిడినట్టు. మా అమ్మలు ఇష్టపడి తిన్నవీ ఉన్నాయి, గతిలేక తిన్నవీ ఉన్నాయి. ఏది ఇష్టం, ఏది గతిలేనితనం అన్నది చెప్పగలిగేది వాళ్ళే. సొంత చేను ఉన్న మనిషి గట్టు మీద నాలుగు బలుసు మొక్కలు ఉంచుకుంటుందో పీకేస్తుందో, అప్పుడు ఆమెనే అడుగుదాం.