పాలపళ్లు ఎలాగూ ఊడేవేనా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్రధాన రహదారి వెంట దంతవైద్యశాలల బోర్డులకు కొదవ లేకపోయినా, చుట్టుపక్కల బస్తీల్లో రోజుకూలీతో బతికే కుటుంబాల పిల్లలు ఆ మెట్లెక్కేది చాలావరకు చెంప వాచి, రాత్రి నిద్ర కరువైన తరువాతే. దీనికి డబ్బు ఒక కారణమైతే, పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా అనే నమ్మకం అంతకంటే మొండిది. 20 పాలపళ్లలో ముందువి 6, 7 ఏళ్లకే ఊడినా, నమిలే దవడపళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా నిలవవలసినవి. అవి ముందే పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద ఎదుగుతున్న శాశ్వత దంతాలకు చోటు లేకుండా చేస్తాయి. 6 ఏళ్లప్పుడు ఆ పాల దవడపళ్ల వెనుక మొలిచే మొదటి శాశ్వత దవడపన్నును కూడా పాలపన్నే అనుకుని వదిలేసేవారున్నారు.

పన్ను పుచ్చడానికి పురుగు కారణం కాదు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చగా, ఆ ఆమ్లం పంటిపై గట్టి పొర అయిన ఎనామిల్‌ను కరిగిస్తుంది. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక, తీపి పాలసీసా నోట పెట్టి పడుకోబెట్టిన పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ.

దీనికి చవకైన రక్ష ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్. సాగర్ రోడ్డు మీదుగా నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడినవారికి ఆ పేరు వింటే వంకరపోయిన కాళ్లు గుర్తుకు రావడంలో వింత లేదు గానీ, తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఏళ్ల తరబడి ఒంట చేరే ఫ్లోరైడ్ వేరు, 3 ఏళ్లలోపువారికి బియ్యపుగింజంత, ఆపైన 6 ఏళ్ల వరకు బఠాణీగింజంత పెట్టి పెద్దలు దగ్గరుండి తోమించే పేస్టు వేరు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలంటుంది. ఆ పరీక్షలో పళ్లూ ఉన్నాయి. అయితే గుర్తించడం వేరు, నయం చేయడం వేరు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రికి 2018 నుంచి ఎల్బీనగర్ మెట్రో దారి దగ్గర చేసినా, పరీక్షలో రాసిచ్చిన చీటీ పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ తల్లి ఒకరోజు కూలి వదులుకోవలసిందే. కనుక చికిత్సే అంగన్‌వాడీకి రావాలి. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చిన చోట చిన్న బ్రష్‌తో రాస్తే, మత్తు సూదీ డ్రిల్లింగూ లేకుండానే చాలా పళ్లలో పుచ్చు ఆగిపోతుంది. ఆ చోటు నల్లబడుతుందన్న సంగతి మాత్రం తల్లికి ముందే చెప్పాలి. దానినీ, చేతి పనిముట్లతోనే గుంట పూడ్చగల గ్లాస్ అయానమర్ సిమెంటునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆవశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఈలోగా తల్లులు, అంగన్‌వాడీ టీచర్లు నెలకోసారైనా పసివాళ్ల పైపెదవి ఎత్తి చూడాలి: చిగుళ్ల అంచున సున్నపు గీతలాంటి తెల్లచార కనిపిస్తే, అది ఇంకా గుంట పడని, వెనక్కి మళ్లించదగిన దశ.